మబ్బు కప్పని పొగ

హాన్‌గోల్, ఆందోంగ్ దగ్గర.
ఏప్రిల్.

చున్‌దోక్, నీ అక్క సోబున్‌ని రాస్తున్నాను. కంగారు పడకు, ఎవరూ పోలేదు.

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నోరు వెళ్ళబెడతావని తెలుసు. మా అమ్మాయి నారే పోయిన నెల సియోల్ నుంచి వచ్చి, నాయనమ్మ కోసం గోడంత టీవీ పెట్టించి, మన దేశపు ఓటీటీ ఒకదానికి చందా కట్టింది. మా అత్తగారికి చెవులు పూర్తిగా పోయాయి కదా, అందులో మాటలన్నీ కింద పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తారట. అంతటితో ఊరుకుందా! నా ఫోన్ని కూడా ఆ టీవీకి ముడిపెట్టి పోయింది. మొన్న నువ్వు "అక్కా, గొట్టం అందిందా? పీల్చి చూశావా?" అని పంపావు చూడు, అది సరిగ్గా సీరియల్లో కథానాయిక ఏడుపు మొహం మీద వచ్చి పడింది. మా అత్తగారు కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చదివి నా వైపు తిరిగింది.

"ఏం గొట్టమే?"

"గ్యాసు గొట్టం అత్తయ్యా!" అని గొంతు చించుకున్నాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మర్నాడు మీ బావ గ్యాసు మనిషిని పిలిపించారు. అతనొచ్చి నిక్షేపంలా ఉన్న గొట్టాన్ని మార్చి పోయాడు. ఇకనుంచి ఫోన్లో నాకు ఒక్క ముక్క రాయకు. పోస్టుమాన్ దగ్గర ఉత్తరాలందుకునేది నేనే.

ఇంతకీ నువ్వు పంపిన ఆ ఈ-సిగరెట్ సంగతి. సిగరెట్లు మానిపించాలని పంపావు, నీ మనసు బంగారం. కానీ తల్లీ, అది నన్ను చంపుతోంది. మొదటిరోజు రసం పోసి పీల్చగానే పాత పరుపు తగలబడ్డ వాసన. రెండోసారి గట్టిగా లాగితే పొగకి బదులు నోటినిండా రసమే వచ్చింది. ఆ తర్వాత లోపల గురగుర. దీపం కన్నుకొడుతుంది తప్ప ఆవిరి రాదు. అన్నిటికంటే ఘోరం, నిన్న పీల్చితే పెదాలు, నాలుక, గొంతు భగ్గుమన్నాయి. విషమేమో అనుకుని పెరట్లో ఊరగాయ జాడీల అరుగు మీద కూలబడ్డాను. అది దాచింది ఎండుమిరపకాయల బస్తాలో అని ఆనక గుర్తొచ్చింది.

ఛార్జింగ్‌కి మాత్రం మంచి చోటు దొరికింది. పూర్వీకుల మందిరంలో అగ్నిప్రమాదం గంట కోసం ఒక ప్లగ్గు పెట్టారు. అక్కడికి తద్దినాలప్పుడు తప్ప ఎవరూ రారు.

తొందరగా ఏదో ఒకటి చెప్పు. పాత సిగరెట్లకి మళ్ళీ చెయ్యి లాగుతోంది.

సోబున్


యోంగ్‌దో, పుసాన్.
ఏప్రిల్ చివర.

అక్కా,

మందిరంలోనా! నీ ఉత్తరం దుకాణంలో చదువుతూ నేను వేసిన కేకకి, రసం కొనడానికొచ్చినాయన సీసా కింద పడేశాడు. ఆ ఇంటి తాతముత్తాతల పేరు పలకలన్నీ వరసగా నిలబడి చూస్తుంటే, వాళ్ళ ముందు ఛార్జింగ్ పెట్టావా! ఆ వంశానికి పెద్దకోడలివే నువ్వు! ఇవాళే తీసెయ్.

ఇప్పుడు విను. మాడు వాసన ఎందుకొచ్చిందంటే, రసం పోసిన వెంటనే పీల్చావు. లోపల తీగచుట్ట చుట్టూ దూది ఉంటుంది. అది తడవకముందే వేడెక్కితే మాడుతుంది. ఒకసారి మాడిందంటే ఇక దానికి మందు లేదు, పారెయ్యడమే. రసం పోసే ఆ డబ్బీలు కొత్తవి ఎండు నెత్తళ్ళ పెట్టెలో అడుగున పెట్టి పంపుతున్నాను. రసం పోశాక, అన్నం ఉడికాక మూత తియ్యకుండా మగ్గనిస్తావు చూడు, అంతసేపు దాని జోలికి పోకు.

నోట్లోకి రసం వస్తోందంటే మీ చిన్నమామగారు పైపు లాగినట్టు లాగుతున్నావన్నమాట. ఇది అలా కాదే. మెల్లగా, వేడి సూపు చప్పరించినట్టు పీల్చాలి. గురగురమంటే డబ్బీ ఊడదీసి, మూతి కిందకి వంచి గట్టిగా విదిలించు. దీపం కన్నుకొడితే అడుగున రెండు ఇత్తడి చుక్కలుంటాయి, అక్కడ తడి చేరిందని. పొడిగుడ్డతో తుడిచెయ్. వెచ్చటి నేల మీద పెట్టకు, రసం పల్చబడి కారిపోతుంది. నిలబెట్టి ఉంచు. మిరపకాయల బస్తా సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు కదా!

నీ చెల్లెలు


హాన్‌గోల్.
జూన్.

చున్‌దోక్‌కి,

నీ నెత్తళ్ళూ అందాయి, వాటి అడుగున ఉన్నవీ అందాయి. చెప్పినట్టే చేశాను. మగ్గబెట్టాను, మెల్లగా పీల్చాను. అబ్బ! పుచ్చకాయ వాసన వేసింది. ఆ ఆవిరి జాడీల మధ్య తేలిపోతుంటే, ఎవరో నా మెడ మీది మూట దించినట్టనిపించింది. సిగరెట్ ముట్టి చాలా రోజులైంది.

అసలు సంగతి ఇది కాదు. కూర్చుని చదువు. ఈ శరత్కాలంలో మూలపురుషుడి తద్దినం అయ్యాక మా అత్తగారు ఇంటి యజమానురాలుండే పెద్దగది నాకు అప్పగిస్తుందట! వంశపెద్దల ముందు ఆ కాగితం చిన్నమామగారే పైకి చదివారు. ఆవిడ ఇప్పుడు నేనుంటున్న ఎదుటిగదికి మారిపోతుంది, కొట్టుగది తాళాలు నా నడుముకి వస్తాయి. ఈ గడప తొక్కి ముప్పై ఏళ్ళు దాటింది. నా తోటివాళ్ళు కోడళ్ళకి గదులప్పగించి మనవలతో ఆడుకుంటుంటే, నేనింకా ఉత్తరం వైపు ఆ చల్లటి నేల మీదే మోకాళ్ళు పట్టుకుని ముడుచుకుంటున్నాను. ఒక్క శీతాకాలం, ఒక్కటంటే ఒక్కటి, పెద్దగదిలో పొయ్యి వైపు, వంటింటి వేడి నేల కిందుగా పాకే వెచ్చటి చోట నడుం వాల్చాలని నాకెంత ఆశో నీకు తప్ప ఎవరికీ తెలియదు.

పైగా ఆ ఓటీటీవాళ్ళే వచ్చి మా ఇంటి తద్దినం వంటల మీద మూడు భాగాల చిత్రం తీస్తున్నారు. ఎక్కడ చూసినా కెమెరాలే. సేబోమ్ అని ఒక పిల్ల, మైకులు చూసుకుంటుంది, రోజూ పొద్దున్నే నా జాకెట్టు అంచుకి చిన్న మైకు గుచ్చుతుంది. భలే పిల్ల. తనకీ ఈ గొట్టం అలవాటుంది. జాడీల వెనక ఇద్దరం చేరి కబుర్లాడుకుంటున్నాం. నిన్న నా డబ్బీ కారుతుంటే తనే తుడిచిపెట్టింది. గోడ అవతల నుంచి కెమెరా కుర్రాడు తీస్తున్నట్టున్నాడు. తీసుకోనీ. టీవీలో పొగ కనపడిందంటే చాలు చేతిని, నోటిని మసక చేసి మబ్బు కప్పేస్తారుగా. మీ బావ చూసే పాత సినిమాల్లో కూడా అంతే, హీరో మూతి దగ్గర ఎప్పుడూ మబ్బే. అలాంటి ముక్క ఎలాగూ కోసి పారేస్తారు.

సోబున్


యోంగ్‌దో.
జూలై.

పెద్దగది దొరసానికి,

ఏడ్చానే. దుకాణం మూసి మరీ ఏడ్చాను. అమ్మ ఉంటే ఎంత పొంగిపోయేదో! కొత్త పరుపు నేనే కుట్టిస్తాను, అడ్డు చెప్పకు. చిత్రం ఎప్పుడొస్తుందో రాయి, నేనూ చందా కడతాను. మబ్బు సంగతి నిజమే, మొన్న వార్తల్లో ఎవరో సిగరెట్ పట్టుకుంటే మనిషికి మనిషే మాయమయ్యాడు.

ఇక్కడ బేరాలు లేవు. పెద్ద కంపెనీవాళ్ళు ఎదురుగానే దుకాణం తెరిచారు. నాకేం, గట్టిదాన్ని.

చున్‌దోక్


హాన్‌గోల్.
సెప్టెంబరు.

చున్‌దోక్! మబ్బు రాలేదే! మబ్బు రాలేదు!

గబగబా రాస్తున్నాను, అక్షరాలు ఎలా పడ్డా సర్దుకుని చదువుకో. మొన్న ఆదివారం ఆ చిత్రం మొదలైంది. మూడు భాగాలూ ఒకేసారి వదిలారు. వంశమంతా మా హాల్లో చేరింది. చిన్నమామగారు తెల్లటి అంగరఖా, గుర్రపువెంట్రుకల టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. దేగూ నుంచి మా తోడికోడలు పండగలకి వేసుకునే పట్టు హాన్‌బోక్ తొడుక్కుని దిగింది. మా అత్తగారు నడిమధ్యలో. నేను అందరికీ బియ్యప్పిండి ముద్దలు పంచుతున్నాను, నన్ను టీవీలో చూసి "అబ్బో పెద్దకోడలు!" అని అందరూ మెచ్చుకుంటుంటే ఒళ్ళు పులకరించింది.

రెండో భాగంలో జాడీల అరుగు వచ్చింది. వెనక నేను. గోడంత నేను. ముక్కులోంచీ నోట్లోంచీ పొగ వదులుతూ నేను!

మబ్బు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చేతిలో పళ్ళెంతో అలా నిలబడి చూశాను. రాదే! గొట్టం మెరుస్తోంది, నా పెదాల మీది ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. "మబ్బేదీ? నారే, మబ్బేదే?" అని పిచ్చిదానిలా అరిచాను.

"మబ్బు టీవీ ఛానళ్ళకేనమ్మా. ఓటీటీలో వెయ్యరు. నీకు తెలీదా?" అంది మా పిల్ల. దాని మొహంలోనూ నెత్తుటి చుక్క లేదు.

నాకెలా తెలుస్తుంది! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కప్పుతూనే ఉన్నారుగా! చిన్నమామగారికి పిండిముద్ద గొంతుకి అడ్డం పడింది. వీపు మీద గుద్దితే గాని దిగలేదు. దిగాక ఆయన అన్న మొదటి మాట, "పెద్దింటి కోడలు... పొగ!" పగలూ రాత్రీ పైపు పీల్చి మగవాళ్ళ గది కప్పంతా నల్లగా మార్చిన మనిషి! ఆ తర్వాతేమైందో నాకు తెలియదు, పళ్ళెం అక్కడే పడేసి వంటింట్లోకి పారిపోయాను. పొయ్యి దగ్గర కూర్చుంటే పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

మా అత్తగారు ఒక్క మాట అనలేదు. అదే నన్ను చంపుతోంది.

సోబున్


యోంగ్‌దో.
సెప్టెంబరు చివర.

అక్కా,

చూశాను. పొగ గురించి రాశావు. మరి మాటల గురించి రాయలేదేం?

ఆ మైకు తియ్యడం మరిచిపోయావు కదూ! సేబోమ్ "పెద్దమ్మా, ఆ గది నిజంగానే మీ చేతికొస్తుందా?" అని అడిగితే నువ్వన్నది అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. "మా అత్తగారు నన్ను పాతిపెట్టి గాని పోదే పిల్లా. ఆవిడ పోయిన రోజున ఏడవడానికి నా దగ్గర కన్నీళ్ళు మిగల్లేదు. 'అయిగో అయిగో' అని అరవడం మాత్రం జాడీల దగ్గర రోజూ సాధన చేస్తున్నాను" అన్నావు. అని ఆ ఏడుపు చేసి చూపించావు. ఆపైన పొగ వదులుతూ పగలబడి నవ్వావు. నేను కూర్చున్న చోట కొయ్యబారిపోయాను. దుకాణంలో ఉన్నవాళ్ళు మాత్రం పడీ పడీ నవ్వారు.

ఆవిడకి చెవులు వినపడవు కాబట్టి సరిపోయింది అనుకున్నాను మొదట. అంతలోనే నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. కింద అక్షరాలు పడతాయి కదే! ఆవిడ చదివిందా? నిజం చెప్పు.

చున్‌దోక్


హాన్‌గోల్.
అక్టోబరు.

చదివింది.

ఇన్నాళ్ళూ నీకు రాయలేకపోయాను, కాగితం మీద పెడితే నిజమైపోతుందని భయం. చదివింది, చున్‌దోక్. అంతటితో ఆగలేదు. రోజూ పొద్దున గంజి తాగగానే రిమోటు తీసుకుంటుంది. వెనక్కి తిప్పుతుంది. జాడీల వెనక నేను. ముందుకి పోనిస్తుంది, మళ్ళీ వెనక్కి. కళ్ళజోడు టీవీకి ఆనించినంత దగ్గరగా వెళ్ళి కూర్చుంటుంది. నేను వంటింట్లో నుంచి నా గొంతే వింటుంటాను. "అయిగో అయిగో" అని నేనే ఏడుస్తుంటాను, నేనే నవ్వుతుంటాను. చెవుల్లో సీసం పోసుకుందామనిపిస్తుంది. కాళ్ళ మీద పడి ఏడ్చాను ఒకరోజు. ఆవిడ నా తలని పక్కకి జరిపింది, టీవీకి అడ్డమొచ్చానని.

తద్దినం మర్నాడే వంశపెద్దల సభ. గది అప్పగింత ఆపాలని చిన్నమామగారు కాగితం తయారుచేశారు. తాళాలు దేగూ తోడికోడలికట. నోరు అదుపులో ఉన్న కోడలు దొరికితే చాలునట. మీ బావ "చూద్దాం" అన్నారు. ఆయన జీవితమంతా అనే మాట అదొక్కటే.

ఇదంతా ఒక ఎత్తు, నువ్వు చేసింది ఒక ఎత్తు. చిన్నమామగారి మనవడు పుసాన్‌లో చదువుతున్నాడు. వాడు వాళ్ళ తాతకి ఒక ఫోటో పంపాడు. ఒక దుకాణం ముందు అద్దం, అద్దమంతా నా మొహం, నా నోట్లోంచి పొగ, కింద "పెద్దింటి కోడలు పీల్చేది ఇదే." ఆయన ఆ ఫోటో నాకు చూపించారు. బోర్డు మీద నీ పేరుంది.

నేను ఇక్కడ బతికుండగానే చస్తుంటే, నువ్వు నన్ను అద్దానికి అంటించి అమ్ముకున్నావా?

జవాబు రాయకు.


యోంగ్‌దో.
అక్టోబరు.

అక్కా,

రాయకుండా ఎలా ఉండను!

చింపేశాను. నీ ఉత్తరం అందిన నిమిషంలోనే గోళ్ళతో గీకి చింపేశాను. ఆ చిత్రం వచ్చిన వారం రోజుల్లో "ఆ పెద్దమ్మ గొట్టం ఉందా?" అని జనం వరస కట్టారు. ఎదుటి దుకాణం వెలవెలబోయింది. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. నీ మొహమే కదా, నా అక్క మొహమే కదా అనుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

నన్ను తిట్టు, కొట్టు. ఆ సభ రోజున ఏమైందో మాత్రం రాయి. వాళ్ళు నిన్ను గెంటేస్తే వచ్చి నా దగ్గర ఉండు, నా మంచం నీది.

చున్‌దోక్


హాన్‌గోల్.
నవంబరు.

చున్‌దోక్‌కి,

నీ మీద కోపం ఇంకా తీరలేదు. కానీ ఇది నీకు కాక ఎవరికి రాయను?

తద్దినం సవ్యంగా జరిగింది. మర్నాడు పెద్దలందరూ హాల్లో కూర్చున్నారు. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. చిన్నమామగారు కాగితం విప్పి చదవబోతుంటే మా అత్తగారు చెయ్యెత్తింది.

"మీ చదువు నాకు వినపడదు. నేను చూపించేది మీరు చూడండి" అని రిమోటు తీసింది.

వద్దత్తయ్యా అని చేతులు జోడించాను, ఆవిడ నా వైపు చూడలేదు. అంతమంది పెద్దవాళ్ళ ముందు, గోడ మీద, మళ్ళీ నేను. పొగ. ఆ పాడు మాటలు. ఆ దొంగ ఏడుపు. చిన్నమామగారు కళ్ళు మూసుకున్నారు. అప్పుడు ఆవిడ సరిగ్గా ఒకచోట ఆపింది. లేచి, కర్ర తీసుకుని, తెర కిందున్న అక్షరాల మీద పెట్టింది.

"ఇది చదువు" అంది చిన్నమామగారితో.

ఆయన కళ్ళు తెరిచి తెర వైపు వంగారు. "నవ్వు... అని ఉంది వదినగారూ. బ్రాకెట్లో."

"నవ్వు," అంది ఆవిడ. "వినపడనివాళ్ళ కోసం రాస్తారట. తలుపు చప్పుడైతే తలుపు చప్పుడని, వానొస్తే వానని. నా చెవులు పోయాయి కాబట్టి ఈ ఇంట్లో నవ్వులు నాకు వినపడటం లేదనుకున్నాను. మూడు భాగాలూ చూశాను, మళ్ళీ మళ్ళీ చూశాను. మీ నవ్వు రాశారు, పిల్లల నవ్వు రాశారు. నా కోడలు నవ్వినట్టు ఒక్కచోటే రాశారు. నేను చచ్చే మాట దగ్గర."

నేను గుమ్మం పట్టుకున్నాను.

"ఆ గది గురించి అది అన్నదాంట్లో అబద్ధముందా? మరిదిగారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఉందా? నేనూ మా అత్తగారి గురించి ఇంతకంటే ఘోరంగా అనుకున్నాను. గోడకి చెప్పుకున్నాను. అప్పుడెవరూ అక్షరాలు వెయ్యలేదు." ఆ మాట అని, తాళాల గుత్తి విప్పి నా కాళ్ళ దగ్గర పడేసింది. వెళ్ళి తన దిండు తనే చంకలో పెట్టుకుంది. తొంభై ఏళ్ళ మనిషి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా హాలు దాటి నా చల్లటి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చిన్నమామగారు కాగితాన్ని మడిచి మడిచి చొక్కాలో కుక్కుకున్నారు.

పెద్దగదిలో పడుకున్నాను, చున్‌దోక్. పొయ్యి వైపు. ఎంత వెచ్చగా ఉందో! ఆ వెచ్చదనానికి ఒళ్ళంతా కంపరమెత్తింది. సిగ్గుతో కుమిలిపోయాను, ఒక్క క్షణం కన్ను మూస్తే ఒట్టు.

తెల్లారగానే గంజి పట్టుకెళ్ళాను. ముడుచుకుని కూర్చుని ఉంది. "వెచ్చగా ఉందిటే?" అంది.

"ఉంది అత్తయ్యా!" అని అరిచాను.

"మరి నవ్వవేం?"

ఆవిడ చేతులు పట్టుకున్నాను. మంచుముక్కలే. నేను ఇన్నేళ్ళు ముడుచుకున్న చోటే కదా, అది రాత్రికి ఎంత చల్లబడుతుందో నాకంటే ఎవరికి తెలుసు! ఇక ఏం ఆలోచించలేదు. ఆవిడ పరుపు చుట్ట చుట్టి భుజానేసుకుని పెద్దగదిలోకి తెచ్చేశాను. ఆవిడ వెనకే వస్తూ ఒకటే గొడవ. "ఆచారం కాదే! ఒక గదిలో ఇద్దరు యజమానురాళ్ళేమిటే! మరిదికి తెలిస్తే మళ్ళీ సభ పెడతాడే!" పెట్టుకోనీ. పొయ్యి వైపు ఆవిడ పరుపు వేశాను. నా పరుపు ఉత్తరం గోడ వైపు వేసుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయాను. ముప్పై ఏళ్ళు పైగా ఏడ్చి, వంశాన్నంతా అల్లరిపాలు చేసి గది సంపాదిస్తే, నా నడుం తిరిగి తిరిగి మళ్ళీ చల్లటి వైపుకే వచ్చింది!

నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, కడుపులోంచి తన్నుకొచ్చింది. నేల మీద చతికిలబడి నవ్వాను. నవ్వుతూ చూస్తే, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, మెడ ముందుకి సాచి, నా నోటి వంకే చూస్తూ కూర్చుంది.

అక్క